తగ్గాక చేద్దాం

ఆ రోజు పొద్దున నా జాకెట్టు హుక్కులు మా అమ్మాయి పెట్టింది. దానికప్పుడు తొమ్మిదేళ్ళు. బడి బస్సు వచ్చే వేళయింది, దాని జడ ఇంకా వేయలేదు. నేను మంచం అంచున కూర్చుని పది నిమిషాలుగా మొదటి హుక్కు దగ్గరే ఉన్నాను. వేళ్ళు ఉబ్బి అల్లం కొమ్ముల్లా ఉన్నాయి. హుక్కు దొరికినట్టే దొరికి జారిపోతోంది. అది వచ్చి నా చేతులు మెల్లగా పక్కకు జరిపి, కింద నుంచి పైదాకా ఆరు హుక్కులూ పెట్టేసి, "అమ్మా, మరి నాకు జడ ఎవరేస్తారు?" అంది.

నేను కుట్టుపని మనిషిని. మలేసియాలో సెలంగోర్ నది పక్కన బటాంగ్ బెర్జుంటైలో, సామాన్ల కొట్టు పైనున్న చిన్న గదిలో, దీపావళి నెలొస్తే రోజుకు ఆరేడు జాకెట్లు కుట్టిచ్చిన చేతులివి. ఎన్ని వేల హుక్కులు కుట్టానో లెక్క లేదు. నా హుక్కు నేను పెట్టుకోలేని ఆ పొద్దున కూడా నా నోట వచ్చిన మాట ఒక్కటే. "ఇవాళ్టికి రబ్బరు బ్యాండు పెట్టుకుని వెళ్ళమ్మా, చేతులు తగ్గాక నేనే వేస్తాను."

తగ్గాక. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క మాట గురించే.

తగ్గాక అక్క వాళ్ళింటికి వెళ్దాం. తగ్గాక మోటారు మిషన్ కొందాం. తగ్గాక పిల్లని సముద్రానికి తీసుకెళ్దాం. కీళ్ళవాతం మొదలైనప్పుడు నాకు ముప్పై నాలుగేళ్ళు. ఆ తర్వాత ఆరేళ్ళు నేను ఈ మాట మీదే బతికాను. తీరా వెనక్కి తిరిగి చూసుకుంటే, వాయిదా వేసినవన్నీ అలాగే ఉన్నాయి, తగ్గడం మాత్రం రాలేదు. ఒక నెల తేలికగా గడిచేది, మర్నెల చెంచా ఎత్తలేకపోయేదాన్ని. ఆ తేలిక నెలే నన్ను మోసం చేసేది. ఇదిగో వచ్చేస్తోంది, ఇంకొంచెం ఓపిక పడదాం అనిపించేది.

రోడ్డు మీద ప్రమాదం జరిగి కాలు పోయినవాళ్ళకి ఒక తేదీ ఉంటుంది. ఆ దుఃఖం చిన్నదని నేననను. కానీ ఆ తేదీకి ముందు ఒక బతుకు, తర్వాత ఒక బతుకు అని వాళ్ళకీ తెలుస్తుంది, చుట్టూ ఉన్నవాళ్ళకీ తెలుస్తుంది. ఏళ్ళ తరబడి సాగే జబ్బులో ఆ తేదీ రాదు. కీళ్ళవాతం కానివ్వండి, మూత్రపిండాల జబ్బు కానివ్వండి, చక్కెర జబ్బుతో మొద్దుబారిన పాదాలు కానివ్వండి, జబ్బు ఏ రోజున వైకల్యమైందో ఎవరూ వచ్చి చెప్పరు. అది మనకి మనమే చెప్పుకోవాలి. చెప్పుకోకుండా ఉండటానికి మనం వాడే మాటే "తగ్గాక".

చెట్టుకున్న సెలవు

ఈ మాట మాలాంటివాళ్ళని ఎందుకంత గట్టిగా పట్టుకుంటుందో తెలియాలంటే మా పుట్టుక తెలియాలి. మా పెద్దలు ఉత్తరాంధ్ర నుంచి, కూలీలను కూడగట్టే కంగాణీల వెంట మద్రాసు దాకా వచ్చి ఓడెక్కినవాళ్ళు. ఒప్పందపు కూలీ పద్ధతి మలయాలో 1910లో రద్దయింది. తర్వాత 1938లో భారత ప్రభుత్వం ఆపించేదాకా మనుషుల్ని తెచ్చింది ఎక్కువగా కంగాణీలే. మా చుట్టుపక్కలంతా తోటలే. ఈ దేశంలో వ్యాపారం కోసం వేసిన మొట్టమొదటి పామాయిల్ తోట కూడా మా ఊరి దగ్గరి తెన్నమరం ఎస్టేటులోనే. 1917లో వేశారు. వేయించిన ఆన్రీ ఫోకోనియే అనే ఫ్రెంచి దొర ఆ తర్వాత మలయా బతుకు మీద నవల రాసి 1930లో తన దేశంలో పెద్ద బహుమతి అందుకున్నాడు. తెన్నమరం అంటే అరవంలో కొబ్బరిచెట్టు. కొబ్బరిచెట్టు పేరున్న తోటలో పామాయిల్ గెలలు కోసినవాళ్ళు, ఆ పక్క తోటల్లో రబ్బరు చెట్లు గీసినవాళ్ళు మా వాళ్ళు.

మా అమ్మమ్మ రబ్బరు చెట్లు గీసేది. తెల్లవారకముందే, నుదుటికి దీపం కట్టుకుని. ఎండెక్కక ముందైతేనే పాలు బాగా జారతాయి. చిన్నప్పుడు సెలవుల్లో నేను వెంట వెళ్ళేదాన్ని. కత్తి ఎంత పదునుగా ఉన్నా ఆమె చెయ్యి మాత్రం తేలిగ్గా ఉండేది. పట్ట మీద ఏటవాలుగా, తమలపాకు ఈనె మందాన ఒక పొర తీసేది, అంతే. లోపలి చెక్కకు తగిలితే చెట్టుకు గాయం, గాయం మానాక అక్కడ బుడిపెలు కట్టి మళ్ళీ గీయడానికి పనికిరాదు. గీసిన చోట తెల్లటి పాలు చుక్క చుక్కగా వచ్చి గాడి వెంట కప్పులోకి దిగేవి.

ఒకరోజు అడిగాను, "అమ్మమ్మా, నిన్న గీసిన చెట్లు ఇవాళ గీయవేం?" అని. "రోజూ గీస్తే పట్ట ఎండిపోద్దే గుంటా. పాలు రావు. రోజు విడిచి రోజు గీయాలి, చెట్టుకీ సెలవుండాలి" అంది.

ఇది నిజం. ఓపికకు మించి గీసిన రబ్బరు చెట్టుకు గీత ఎండిపోయే జబ్బు వస్తుంది. చూడ్డానికి చెట్టు పచ్చగానే ఉంటుంది, ఆకులుంటాయి, గీస్తే మాత్రం పాలు రావు. కొన్నాళ్ళు వదిలేస్తే కొన్ని తేరుకుంటాయి, కొన్ని తేరుకోవు. అందుకే తోటల్లో చెట్లను రెండు వంతులుగా పంచి, ఇవాళ ఒక వంతు, రేపు రెండో వంతు గీయించేవారు.

నాకు ఎన్నో ఏళ్ళ తర్వాత, వాచిన చేతులతో పడుకుని ఉన్నప్పుడు తట్టింది. సెలవు చెట్టుకే ఉంది. గీసే మనిషికి లేదు. ఇవాళ ఈ వరస, రేపు ఆ వరస, అమ్మమ్మకు మాత్రం రెండు రోజులూ పనే. పొద్దున్నే పెరట్టులో, అంటే హాజరు పట్టీ చదివేచోట, పేరు పిలిచినప్పుడు వచ్చి నిలబడితే కూలి, లేకపోతే లేదు. ఒంట్లో బాగాలేదన్నవాళ్ళని బద్ధకస్తులని అనుమానంగా చూసే కళ్ళ మధ్య మా మూడు తరాలు గడిచాయి. ఆ చూపు మాలోకి దిగిపోయింది. దొరలు పోయారు, పని చేయించే మండోర్లు పోయారు, మాకు మేమే మండోర్లమై రోజూ పొద్దున్నే మా పేరు పిలుచుకుంటున్నాం. పనికి వంగలేని ఒంటిని మనిషిగా లెక్కపెట్టడం మాకు ఎవరూ నేర్పలేదు.

మీరు ఎస్టేటులో పుట్టి ఉండకపోవచ్చు. ఏ సోంపేటలోనో కవిటిలోనో జీడితోటల పక్కన పుట్టి, మూత్రపిండాలు చెడి, వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీద గడుపుతూ ఉండవచ్చు. కరీంనగర్‌లో టీచరుగా ఉంటూ నడుము వంగక సెలవులన్నీ వాడేసి ఉండవచ్చు. "కష్టే ఫలి" అని గోడ మీద రాసుకున్న ఇళ్ళలోనే మనమందరం పెరిగాం. అందుకే ముందు ఈ చూపు ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోమంటున్నాను. మీ లోపల మిమ్మల్ని బద్ధకస్తులని తిట్టే గొంతు ఎవరిది? ఒకసారి చెవిపెట్టి వినండి. చాలాసార్లు అది మీది కాదు.

రోజు విడిచి రోజు

అమ్మమ్మ మాటే నేను నా రోజుకు కట్టుకున్నాను. ఒక రోజు కుట్టు పని, మర్నాడు చేతికి బరువు లేని పని: కొలతలు తీసుకోవడం, డబ్బు లెక్కలు, ఫోన్లు. ఇంటి పని కూడా అంతే. బట్టలు పిండిన రోజు కొబ్బరి తురమను. చేతులు బాగున్న రోజు కూడా ఈ లెక్క తప్పను, అదే అన్నిటికన్నా కష్టం. బాగున్న రోజున మిగిలిపోయిన పనంతా ఊడ్చేయాలనిపిస్తుంది. ఊడ్చేస్తాం. ఆ తర్వాత నాలుగు రోజులు లేవలేం. మీరు ఈ జబ్బులో కొత్తవాళ్ళయితే, మిమ్మల్ని పడగొట్టేది ఎక్కువసార్లు బాగున్న రోజులేనని గుర్తుంచుకోండి.

అమెరికాలో లూపస్ జబ్బున్న క్రిస్టీన్ మిజరాండినో అనే ఆమె 2003లో ఇదే సంగతి చెంచాలతో చెప్పింది. హోటల్లో కూర్చున్న స్నేహితురాలి చేతిలో కొన్ని చెంచాలు పెట్టి, స్నానానికి ఒకటి, బట్టలు కట్టుకోవడానికి ఒకటి అంటూ ఒక్కొక్కటే తీసేసుకుంది. రోజు ముగియకముందే చెంచాలు అయిపోవస్తే, అప్పుడు అర్థమైందట ఆ స్నేహితురాలికి. ప్రపంచమంతా రోగులు ఆ లెక్క వాడుతున్నారు. నాకైతే రబ్బరు పాల కప్పులే దగ్గర. నా చెట్టుకు రోజుకు ఇన్ని కప్పులే అని తెలుసు. పెళ్ళికి వెళ్ళాలంటే ముందు రెండు రోజులు గీయకుండా ఉంచుకుంటాను.

ఒక వారం పాటు చిన్న పుస్తకంలో రాసి చూడండి. ఏ పని ఎంతసేపు చేశారు, మర్నాడు పొద్దున కీళ్ళ బిగుతు ఎంతసేపటికి వదిలింది, అంతే. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు కూడా ఆ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది. "నొప్పిగా ఉంది డాక్టర్" అంటే ఆయనకు తెలిసేది తక్కువ. "పొద్దున ఆరింటికి లేస్తే ఎనిమిది దాకా పిడికిలి మూసుకోవట్లేదు, నీళ్ళ సీసా మూత తీయలేకపోతున్నాను" అంటే ఆయన కలం కదులుతుంది.

మందు మానడం ఒప్పుకోవడం కాదు

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది, నేను చేశాను కాబట్టి చెబుతున్నాను. "ఇది పోయే జబ్బు కాదు, ఒప్పుకుందాం" అనుకోగానే కొందరు మందులు కూడా వదిలేస్తారు. తగ్గనప్పుడు మందెందుకు అని. కీళ్ళవాతంలో మన ఒంటి రక్షణ వ్యవస్థే మన కీళ్ళ లోపలి పొర మీద పడుతుంది. దాన్ని అదుపులో పెట్టకపోతే ఎముక కూడా తినేస్తుంది. మొదటి నెలల్లోనే సరైన మందు పడితే చాలా కీళ్ళు నిలుస్తాయి. నాకు ఆ నెలలు పోయాయి. ఒక చోట రెండేళ్ళపాటు నొప్పి బిళ్ళలే ఇచ్చారు, రక్తపరీక్ష చేయించాలని ఎవరికీ తోచలేదు. అందుకే, పొద్దున్నే అరగంటకు మించి రెండు చేతుల వేళ్ళూ బిగుసుకుపోయి, ఆరు వారాలైనా వదలకపోతే, కీళ్ళవాతపు డాక్టరుకు చూపించమని కనిపించిన ప్రతివాళ్ళకీ చెబుతూ తిరుగుతాను. మా దగ్గర ప్రభుత్వ క్లినిక్‌లో చీటీ ఒక రింగిట్, అక్కడి నుంచి పంపితే పెద్దాసుపత్రిలో నిపుణుడి దగ్గర అయిదు. పేదరికం అడ్డం కాని చోట తెలియకపోవడమే అడ్డం అవుతుంది.

నేను వేసుకునే మందు మెథోట్రెక్సేట్. ఇది కీళ్ళవాతానికి వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. మర్చిపోయో, చీటీ తప్పు చదివో రోజూ వేసుకుంటే మూలుగ దెబ్బతిని ప్రాణం మీదకు వస్తుంది. నాది మంగళవారం. డబ్బా మీద తెలుగులో పెద్దక్షరాలతో మంగళవారం అని రాసి అంటించాను. డాక్టరు చెప్పిన ఫోలిక్ యాసిడ్ మరో రోజు. కాలేయం, రక్తకణాలు ఎలా ఉన్నాయో చూసే పరీక్షలు తప్పించను. పిల్లలు కావాలనుకునే అమ్మాయిలు ఈ మందు సంగతి డాక్టరుతో ముందే మాట్లాడాలి, గర్భంలో ఇది పనికిరాదు.

మధ్యలో నేను పొడి కూడా తిన్నాను. ఒకాయన ఇచ్చాడు, మూలికలు అన్నాడు. మూడు రోజుల్లో చేతులు పూలలా విచ్చుకున్నాయి. "తగ్గింది!" అని ఇల్లంతా తిరిగాను, ఆ వారం పధ్నాలుగు జాకెట్లు కుట్టాను. మూడు నెలలకు మొహం గుండ్రంగా ఉబ్బింది, చక్కెర పెరిగింది. పరీక్ష చేస్తే ఆ పొడిలో ఉన్నది స్టెరాయిడ్. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు మొదటిసారి కీళ్ళవాతం రోగికి కార్టిజోన్ ఇచ్చినప్పుడూ ఇలాగే మంచం మీది మనిషి కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ మందు చేసే చెరుపు కూడా ఆ తర్వాత కొద్ది కాలంలోనే బయటపడింది. డాక్టరు చేతిలో, తక్కువ మోతాదులో, తక్కువ రోజులు వాడితే అది మేలే చేస్తుంది. పేరు లేని పొడిలో కలిసి ఉంటే ఎంత తింటున్నామో కూడా తెలియదు. ఒకటి గమనించండి. ఆ పొడి కొనిపించింది నా నొప్పి కాదు. నొప్పికి నేను అలవాటు పడ్డాను. కొనిపించింది "తగ్గాక" అనే ఆశ.

ఉపాయం

మలేసియాలో వైకల్యం ఉన్నవాళ్ళని ఓకేయూ అంటారు. ఒరాంగ్ కురాంగ్ ఉపాయ. ఒరాంగ్ అంటే మనిషి, కురాంగ్ అంటే తక్కువ. ఉపాయ అంటే వాళ్ళ భాషలో శక్తి, స్తోమత. సంస్కృతం నుంచి వాళ్ళకీ వచ్చింది, మనకీ వచ్చింది. కానీ తెలుగు చెవికి అది ఎలా వినిపిస్తుందో చూడండి: ఉపాయం తక్కువైన మనిషి. ఆ పేరుతో ప్రభుత్వం ఇచ్చే కార్డు కోసం దరఖాస్తు కాగితం చేతిలో పట్టుకున్న రోజు నాకు అలాగే వినిపించింది, కోపం వచ్చింది. చేతుల్లో శక్తి తక్కువైన మాట నిజమే. ఉపాయం తక్కువైందని ఎవరన్నారు?

పేర్ల గురించి మన దగ్గరా ఎంతో గొడవ ఉంది. అవిటి అన్నారు, వికలాంగులు అన్నారు, 2015 నుంచి దివ్యాంగులు అంటున్నారు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విభిన్న ప్రతిభావంతులు అంటుంది. నా వరకు నాకు దివ్యాంగం అన్న మాట నచ్చదు. ఈ వేళ్ళలో దివ్యమైనదేమీ లేదు, పొద్దున్నే అవి నొప్పెడతాయి. మా ఊరికి 2007లో బెస్తారీ జయ అని కొత్త పేరు పెట్టారు. బోర్డులన్నీ మార్చారు. ముసలీ ముతకా ఇంకా బటాంగ్ బెర్జుంటై అనే అంటారు, వేలాడే మాను అని దాని అర్థం. పేరు ఏదైనా వర్షమొస్తే నది పొంగేది అక్కడే. మీకు ఏ మాట తేలికగా అనిపిస్తే ఆ మాట వాడుకోండి. కానీ ఏదో ఒక మాట నోటితో అనండి. "నాకు వైకల్యం ఉంది." మొదటిసారి నేను ఈ మాట గదిలో ఒంటరిగా, కుట్టు మిషన్‌తో అన్నాను.

ఆ కార్డు దరఖాస్తు కాగితం రెండేళ్ళు బీరువాలో ఉంది. కార్డు తీసుకుంటే జబ్బు గెలిచినట్టు అనుకున్నాను. తీరా వెళ్తే తెలిసింది, 2008లో ఇక్కడ చేసిన చట్టంలో వైకల్యం అంటే ఒంట్లో ఎక్కువకాలం ఉండే లోపం ఒక్కటే కాదట. ఆ లోపం, చుట్టూ ఉన్న అడ్డంకులు, రెండూ కలిసి మనిషిని నలుగురిలో పూర్తిగా పాలుపంచుకోనివ్వకపోవడమట. ఈ వివరం నా మనసులో పెద్ద పనే చేసింది. అంతవరకూ తప్పంతా నా చేతులదే అనుకున్నాను. గుండ్రంగా నున్నగా ఉండే కుళాయి పిడిదీ తప్పేనని, కొట్టుకెక్కే మెట్లకు పట్టుకునే కమ్మీ లేకపోవడమూ తప్పేనని అప్పుడు తెలిసింది. కుళాయికి కిందికి నొక్కే పొడుగు పిడి వేయించాను. మెట్లకు కమ్మీ కొట్టించాను. నా చేతులు మారలేదు, అయినా ఆ నెల నుంచి నా వైకల్యం కొంత తగ్గింది. చూశారా, "తగ్గడం" ఇలా కూడా ఉంటుంది.

కార్డు ఏడు రకాల వైకల్యాలకు ఇస్తారు. జబ్బు పేరు చెబితే చాలదు, దానివల్ల ఏ అవయవం ఏ పని చేయలేకపోతోందో డాక్టరు రాయాలి. అందుకే అక్కడ ధైర్యంగా నటించకండి. మనవాళ్ళం పరాయివాళ్ళ ముందు బాగున్నట్టు కనిపించాలని చూస్తాం, బిగపట్టుకుని పిడికిలి మూసి చూపిస్తాం. మీ చెడ్డ రోజు ఎలా ఉంటుందో చెప్పండి. కార్డు ఉంటే ప్రభుత్వాసుపత్రిలో ఖర్చు ఉండదు, రైలు టికెట్టు సగం. భారతదేశంలో 1995 చట్టంలో ఏడు రకాలే ఉండేవి, 2016 చట్టం వాటిని ఇరవై ఒకటి చేసింది. తలసేమియా, హీమోఫీలియా, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటివి కూడా అందులోకి వచ్చాయి. తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు సదరం లాంటి ప్రభుత్వ వైకల్య నిర్ధారణ శిబిరంలో పరీక్ష చేయించుకోవాలి, నలభై శాతమో అంతకన్నా ఎక్కువో ఉంటే చాలా హక్కులు తెరుచుకుంటాయి. పింఛను తీసుకోవడానికి సిగ్గుపడేవాళ్ళకి ఒకటే చెబుతాను. మా అమ్మమ్మ గీసిన పాలతో ఎవరెవరో మేడలు కట్టుకున్నారు. ఆమె మనవరాలికి రైలు టికెట్టు సగమైతే ఎవరి సొమ్మూ పోదు.

సీసా మూత

సాయం అడగడం నాకు కార్డు కన్నా కష్టమైంది. మా ఆయన గెలల లారీ నడుపుతారు. మొదట్లో ఆయన "నువ్వు కూర్చో" అనేవారు. ఏది ముట్టుకున్నా "నువ్వు కూర్చో". ప్రేమతోనే అనేవారు. కూర్చుని కూర్చుని నేను ఆ ఇంట్లో చుట్టంలా అయిపోయాను. ఒకరోజు ఏడ్చి, గొడవపడి, చివరికి చెప్పాను: "నా పని నువ్వు చేయకు. నాకు రాని ముక్క మాత్రం చేసి పెట్టు." ఆ రాత్రి నుంచి ఆయన పడుకునే ముందు వంటింట్లో సీసాల మూతలన్నీ ఒకసారి వదులుచేసి, ఊరికే తిప్పి పెడతారు. కారం, ఉప్పు, నూనె, ఊరగాయ. పొద్దున నేను వేలితో తోస్తే మూత వస్తుంది. వంట నాదే.

ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్‌కు ఇదే జబ్బు. వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయినా 1919లో చనిపోయేవరకు బొమ్మలు వేశాడు. కుంచె చేతికి కట్టించుకునేవాడని కథలు చెబుతారు. నిజానికి ఆ గుడ్డచుట్లు గోళ్ళు గుచ్చుకుని చర్మం చిట్లకుండా వేసినవి. కుంచెను ఎవరో ఒకరు ఆయన వేళ్ళ మధ్య పెట్టేవారు. నాకు ఆయన పట్టుదల కన్నా ఆ కుంచె అందించిన చెయ్యి మీదే మనసు పోతుంది. "సాయం చెయ్యండి" అని గాలిలోకి అనకండి, ఎవరికీ అర్థం కాదు. మీకు ఏ మూత రావట్లేదో ఆ మూత చూపించండి.

చుట్టాల మాటలకు నేను జవాబులు వెతకడం మానేశాను. "చూడ్డానికి బాగానే ఉన్నావుగా" అంటే "అవును, ఇవాళ బాగుంది" అంటాను. "ఏ జన్మలో పాపమో" అన్నవాళ్ళింటికి వెళ్ళడం తగ్గించాను, అది కూడా ఓపిక మిగుల్చుకోవడమే.

పిల్లల దగ్గర మాత్రం ఇంత తేలిగ్గా తీసుకోలేను. తొమ్మిదేళ్ళ పిల్లకు నేను ఆ పొద్దున అబద్ధం చెప్పాను. రోజూ అది నా చేతుల వైపు చూసి, తగ్గిందా అని వెతికేది. రెండేళ్ళకు అడగడం మానేసి తనే జడ వేసుకోవడం నేర్చుకుంది. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మళ్ళీ ఆ పొద్దున వస్తే ఇలా చెబుతాను: "నా చేతులు పూర్తిగా బాగుపడకపోవచ్చమ్మా. పక్కింటి అక్క జడ వేస్తుంది. వేస్తున్నంతసేపూ నేను నీ ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతాను." పిల్లలు నిజాన్ని మోయగలరు. ఎదురుచూపునే మోయలేరు.

ఒకసారి ఒప్పుకుంటే అయిపోతుందనుకోకండి. ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ 1969లో రాసిన అయిదు మెట్ల సంగతి వినే ఉంటారు, కాదనుకోవడం, కోపం, బేరం, దిగులు, చివరికి ఒప్పుకోలు అని. ఆమె అది మరణం దగ్గరపడిన రోగులతో మాట్లాడి రాసింది. మనం బతకాల్సినవాళ్ళం, మన మెట్లు తిరగలిలా తిరుగుతాయి. నేను చేతుల సంగతి ఒప్పుకుని స్థిమితపడ్డాక పాదాలు మొదలయ్యాయి. సంక్రాంతికి ముగ్గు వేయబోయి చిటికెలో పిండి నిలవక చుక్కలన్నీ చెదిరిపోతే, పన్నెండేళ్ళ అనుభవం ఉన్నదాన్ని, వాకిట్లో కూలబడి ఏడ్చాను. ఏడవండి. అది వెనక్కి పోవడం కాదు, కొత్తగా పోయినదానికి కొత్త దుఃఖం. కానీ రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేక, చచ్చిపోతే బాగుండు అనిపిస్తుంటే అది వేరే జబ్బు, దానికీ మందుంది. భారతదేశంలో 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మలేసియాలో 15555.

ముగ్గుకు మరుసటి ఏడు ఉపాయం దొరికింది. సాస్ సీసా మూతకు బొక్క పెద్దది చేసి పిండి నింపాను. అరచేతితో పట్టుకుంటే చాలు.

జాకెట్టుకూ దొరికింది. పైకి హుక్కులు కనిపిస్తాయి, అవి ఉత్తుత్తివి. లోపల వెల్క్రో పట్టీ. చేతి మడమతో ఒత్తితే మూసుకుంటుంది. మొదట నా ఒక్కదానికే కుట్టుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. గుడిలో ఒకామె చూసి పట్టేసింది. ఇప్పుడు కత్తెర పట్టేది నేను పెట్టుకున్న అమ్మాయి, కొలతలూ గీతలూ నావి, వెల్క్రో జాకెట్లకని పక్క ఊళ్ళ నుంచి కూడా వస్తున్నారు. చక్కెర జబ్బుతో వేళ్ళు మొద్దుబారినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు.

మొన్న ఒక పెద్దావిడ వచ్చింది. ముప్పై ఏళ్ళు రబ్బరు గీసిన చేతులు, వేళ్ళన్నీ ఒక పక్కకు వాలిపోయాయి. మనవరాలి పెళ్ళికి పట్టు జాకెట్టు. "తగ్గాక హుక్కులవే కట్టుకుందామనుకున్నానమ్మా, పెళ్ళి ముందొచ్చేసింది" అంది. నేనేమీ అనలేదు. కుట్టిన జాకెట్టు ఇచ్చి తెర వెనక్కి పంపాను. వెంట వచ్చిన కోడలు లోపలికి వెళ్ళబోతే, వద్దు ఆగమ్మా అన్నాను.

తెర వెనక చర్రుమని చప్పుడు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ చర్రుమంది. మూసుకోవడం, తెరుచుకోవడం, మళ్ళీ మూసుకోవడం. బయట మేం ముగ్గురం పని ఆపి నిలబడ్డాం.